పెద్ద పటేల్ ఇవ్వని నీళ్లు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి రాసే మనిషిని. జానెడు పాము నా కలం కిందికి వచ్చేసరికి బారెడవుతుంది. మా ఊరి బస్సు నా కథల్లో ఎప్పుడూ నూట ఎనభై మందితోనే కదులుతుంది. నా భార్య నా పుస్తకాలు చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుని కూర్చుని ప్రతి అంకెనూ సగానికి కోసుకుంటూ పోతుంది. మీరూ అలాగే చదవండి, నాకేం బాధ లేదు. కాని ఈ అధ్యాయంలో ఒకదాన్ని మాత్రం సగం చేయకండి. అది నా పగ. నలభై ఏళ్లకు పైగా ఉప్పూ కారం పట్టించి జాడీలో మూతి కట్టి ఉంచాను. ఈ మధ్య మూత తీయాల్సిన పని పడింది.

హుమ్నాబాద్‌లో ఒక పెళ్లికి పోతూ చిరాగ్‌పల్లి దగ్గర చాయ్ కోసం కారు ఆపించాను. హోటల్ పక్కన కొత్తగా పాతిన నల్లరాతి పలక కనబడింది. నా ఎత్తుకు మూడింతలుంది (నా భార్య లెక్కలో నా భుజం దాకా). దాని మీద బంగారు రంగు అక్షరాలు. దేశానికి పునాది వేసిన మహానాయకుడు ఈ తావునే ఆగాడట, మా ఊరి పెద్ద పటేల్ తన బావి నీళ్లు తన చేతులతో ఇస్తే తాగి దప్పిక తీర్చుకున్నాడట, పటేల్ దాతృత్వాన్ని మెచ్చుకున్నాడట. పటేల్ మనవడు వేయించిన రాయి అది. నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఆ రాతిని పగలగొట్టడానికి నాకు ఈ వయసులో భుజబలం లేదు, పైగా కారులో పెళ్లి బట్టలున్నాయి. కాబట్టి రాస్తున్నాను. రాయి మీద దుమ్ము పడుతుంది, ఎండకు రంగు పోతుంది. పుస్తకం ఎక్కడో ఒక అల్మారాలో ఉండిపోతుంది, ఎవరి చేతికో చిక్కుతుంది. పెద్ద పటేల్ ఎక్కడున్నా వినుగాక.

ఆ నాయకుడి పేరు రాయను. పటేల్ ఏటా రెండుసార్లు మైకు ముందు ఆ పేరును ఎంతగా నమిలాడంటే, నా దగ్గరైనా దానికి కాస్త విశ్రాంతి దొరకాలి. జరిగింది ఇది. నేను పుట్టకముందు మాట. మా నాయనమ్మ మాణెమ్మకు బొంబాయి రోడ్డు పక్కన అరెకరం అల్లం చేను ఉండేది. దాన్ని ఆనుకుని పటేల్ భూమి, అందులో బావి. చుట్టుపక్కల చేన్లలో పనిచేసే ఆడవాళ్లంతా ఆ బావి నీళ్లే తాగేవాళ్లు. ఆ ఏడు పటేల్ బావి చుట్టూ కంచె వేసి, తలుపు పెట్టి, తాళం బిగించాడు. ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి నీళ్లు తెచ్చుకోవలసి వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆ నాయకుడి కారు వేడెక్కి సరిగ్గా మా చేను ముందు ఆగిపోయింది. ఇంజన్‌లో పోయడానికి డ్రైవర్ నాయనమ్మను కుండ అడిగాడు. ఆమె కుండను కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుని, "రెండు మైళ్లు మోసుకొచ్చిన నీళ్లు, బిడ్డా. మనిషికిస్త, మోటరుకియ్య" అంది. ఆ మాటకు కారులోని పెద్దమనిషి దిగి వచ్చాడు. రోడ్డు కింద వాననీళ్లు పోయే మోరికి పొట్టి గోడ ఉండేది, దాని మీద కూర్చున్నాడు. పక్కనే బావి కనబడుతుంటే రెండు మైళ్లు ఎందుకు నడిచావని అడిగాడు. ఆయన భాష ఆమెకు రాదు, ఆమె భాష ఆయనకు రాదు. సైకిల్ మీద పోతున్న ఎవరో కుర్రవాడిని ఆపి, మధ్యలో నిలబెట్టి మాటలు చెప్పించారు.

నాయనమ్మ చెప్పడం మొదలుపెట్టింది. మొదలుపెడితే తాళం దగ్గర ఆగే మనిషి కాదు. పటేల్‌ను, తాసిల్దార్‌ను, సర్కారును, చివరికి ఎదురుగా కూర్చున్న ఆయనను కూడా ఏకిపారేసింది. అంతలో కబురు తెలిసి పటేల్ బండి కట్టించుకుని వచ్చాడు. చేతిలో దండ. నా లెక్కలో ఆ దండ మోయడానికి రెండు ఎద్దులు కావాలి. ఆయన దండ వేయబోతే, ఈమె మాట ఇంకా అయిపోలేదు, కాస్త ఆగమని పెద్దమనిషి చేత్తో సైగ చేశాడట. పటేల్ ఎండలో దండ పట్టుకుని నిలబడ్డాడు. నాయనమ్మ తన మాట అయిపోయిందని తనే చెప్పేదాకా నిలబడ్డాడు. తర్వాత ఆయన పటేల్‌ను కూడా పక్కన కూర్చోబెట్టుకుని, అంతసేపూ అతని మాటా విన్నాడు. ఒక్క ఆజ్ఞ వేయలేదు, గొంతు పెంచలేదు. మీరిద్దరూ ఏం తేల్చుకున్నారో తెలిశాకే కారెక్కుతానన్నాడట. ఊరి జనమంతా చూస్తుండగా పటేల్ మొలతాడుకున్న తాళంచెవి తీసి నాయనమ్మ చేతిలో పెట్టాడు. అప్పుడు ఆయన ఆమె కుండలో నీళ్లు రెండు చెంబులు తాగి, ఇంజన్‌లో బావి నీళ్లు పోయించి, దండను కారు మీద వేయించుకుని వెళ్లిపోయాడు. అంతే. దేశాన్ని ఎలా నడిపాడో పుస్తకాల్లో చదివాను కాని, ఆయన ఎలాంటివాడో నేను నేర్చుకున్నది మాత్రం ఆ మోరి గోడ దగ్గరే, అదీ నేను పుట్టకముందే.

పటేల్ నేర్చుకున్నది వేరు. ఆ రోజు నుంచి ఆయన నాయకుడిలా నడవడం మొదలుపెట్టాడు. చేతులు వెనక్కి కట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లతో, "చెప్పు, మొత్తం చెప్పు, ఇంటున్న" అనేవాడు. వాళ్లు మొత్తం చెప్పేలోపు ఆయన లోపలికి పోయి అన్నం తిని, కునుకు తీసి, లేచి వచ్చి, "ఆఁ, తర్వాత" అనేవాడు. వినే మనిషిలా కూర్చోవడం ఆయనకు బ్రహ్మాండంగా వచ్చింది, వినడమే రాలేదు. పంద్రాగస్టుకు, జనవరి జెండా పండుగకు జహీరాబాద్ హైస్కూల్ మైదానంలో మాట్లాడేది ఆయనే. మొదటి ఏడు, నాయకుడు నా ఊళ్లో నీళ్లు తాగాడన్నాడు. రెండో ఏడు నా బావి నీళ్లు అన్నాడు. ఐదో ఏటికి ఆయనే తోడాడు. నేను బడిలో చేరేనాటికి ఆయనే చెంబు కడిగి, ఆయనే ఇచ్చి, నాయకుడి కళ్లలో నీళ్లు కూడా తెప్పించాడు. నాయనమ్మ ఆ కథలోంచి ఒక్కో ఏడు ఒక్కో అడుగు వెనక్కి జరుగుతూ జరుగుతూ మాయమైపోయింది. తాళం సంగతి సరే సరి.

ఆమె మాత్రం ఏటా ఆడవాళ్ల వరుసలో ముందే కూర్చుని వినేది. పొద్దున్నే లేచి జొన్నరొట్టెలు చేసేది. ఆమె రొట్టె తట్టే చప్పుడుకు అంత దూరాన ఉన్న కోహీర్‌లో పిల్లలు నిద్రలేచేవారు. ఇల్లంతా అల్లం వాసన. తవ్వి తెచ్చిన దుంపల మట్టి వాసన, దంచిన అల్లం వాసన, ఆమె కొంగు వాసన అన్నీ ఒకటే. రొట్టెలయ్యాక తలకు నూనె పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని, చెప్పుల్లేకుండా మైదానానికి నడిచేది. "ఎందుకు పోతవ్ నాయినమ్మా, నీ ముచ్చటను ఆయన గుంజుకున్నడని ఇంట్ల తిడుతనే ఉంటవ్ గద" అని అడిగితే, "ఏదో ఒక ఏడన్న మరిచిపోయి నిజం చెప్తడేమోనని పోత బిడ్డా" అనేది. ఆమెకు కావలసింది అంతే. వేదిక కాదు, దండ కాదు. పదిమంది ముందు ఆ ముచ్చట జరిగినట్టు ఒక్కసారి వినడం. ఎందుకంటే ఊళ్లో అప్పటికే ముసలామె కలగన్నదని నవ్వడం మొదలైంది. చూసినవాళ్లు కొందరు పోయారు, ఉన్నవాళ్లకు పటేల్‌తో పని ఉంది. ఏడో తరగతిలో నేను, నీళ్లిచ్చింది మా నాయనమ్మ అన్నందుకు మా సారు నన్ను బెంచీ ఎక్కించి, నీళ్లిచ్చింది పటేల్ గారే అని వందసార్లు రాయించాడు. ఆ వంద వాక్యాలు రాస్తున్నప్పుడే నా పగకు మొలకొచ్చింది. పటేల్ మీసాలు కాలిపోవాలని, అరుగు కూలాలని, మైకు షాకు కొట్టాలని రోజుకో శాపం పెట్టేవాణ్ని. ఒక్కటీ తగల్లేదు. మీసాలు ఇంకా పెరిగాయి. ఒక్కో కొస మీద ఒక నిమ్మకాయ నిలిచేది.

నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా పంద్రాగస్టుకు కలెక్టర్ వస్తున్నాడని తెలిసింది. ఎప్పటిలా నోటికొచ్చినట్టు మాట్లాడితే బాగుండదని, పుస్తకాల భాషలో ప్రసంగం రాయించుకోవాలని పటేల్‌కు బుద్ధి పుట్టింది. కాలేజీలో తెలుగు బాగా రాస్తాడని ఎవరో నా పేరు చెప్పారు. కబురొచ్చింది. వెళ్లాను. మా వాళ్లెవరూ ఆ ఇంట్లో నేల మీద తప్ప కూర్చుని ఎరగరు. నాకు కుర్చీ వేశాడు. "కూసో బేటా. మాణెమ్మ మనుమనివి గద. నీ చెయ్యి మంచిదంట. ఆ పెద్దమనిషి గుణాలు రాయి, ఓపిక, న్యాయం, అన్ని. నడుమల మన బాయి ముచ్చట గట్టిగ పెట్టు" అన్నాడు. నా ముందు చాయ్, బిస్కెట్లు పెట్టారు.

ఇక్కడ బయటివాళ్లకు ఒక మాట చెప్పాలి. పటేల్ చదివింది నిజాం కాలంలో, ఉర్దూలో. తెలుగు గడగడా మాట్లాడేవాడు కాని తెలుగు అక్షరం ముక్క రాదు. ఆ తరం పెద్దలు చాలామంది అంతే. అందుకని ఆయనకు ఏ తెలుగు కాగితం వచ్చినా, తాసిల్ ఆఫీసు ముందు డెస్కు వేసుకుని దరఖాస్తులు రాసే మున్షీ ఖాజా మియా దాన్ని ఉర్దూ అక్షరాల్లోకి దించి ఇచ్చేవాడు. మాట తెలుగే, లిపి మాత్రం ఉర్దూ. పటేల్ దాన్ని వేలు పెట్టి, ముల్లు తీసినట్టు, ఒక్కో మాటే పైకి తీసి చదివేవాడు. వాక్యం మొత్తం నోట్లోంచి బయటికొచ్చాక గాని అందులో ఏముందో ఆయన చెవికి ఎక్కేది కాదు. ముందు ఒకసారి చదివి చూసుకోవడం ఆయనకు నామోషీ.

నాకు అక్కడే దారి దొరికింది. ఒక రాత్రి కూర్చుని, జరిగింది జరిగినట్టు, పటేల్ తనే చెబుతున్నట్టుగా రాశాను. తెల్లారి తీసుకెళ్లి మున్షీ సాబ్ చేతిలో పెట్టాను. ఆయన బక్కపలుచని మనిషి, నవ్వితే ఒక్క చెంపే నవ్వేది. కాగితం రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి తుడిచాడు.

"నువ్వే రాసినవా?"

"అవును చాచా."

"మీ నాయినమ్మకు చదివి వినిపించినవా?"

"లేదు."

ఆయన సిరాబుడ్డి మూత తీశాడు. "రేపు పటేల్ సాబ్‌కు నేనే పంపిస్త, నువ్వు ఫికర్ చెయ్యకు" అని, కాగితం నాకు తిరిగి ఇచ్చి, కలం సిరాలో ముంచాడు.

పంద్రాగస్టు నాడు మైదానంలో లక్షమంది జనం. అయిదువందలనుకోండి. జెండా ఎగిరింది, బూందీ పంచారు, కలెక్టర్ కుర్చీలో కూర్చున్నాడు, నాయనమ్మ ముందు వరుసలో కూర్చుంది. పటేల్ లేచి, కాగితం విప్పి, వేలు పెట్టాడు. నాయకుడి ఓపిక గురించి మొదటి పేజీ చదివేసరికి స్తంభం మీద కాకి గూడు కట్టి గుడ్లు పెట్టింది. రెండో పేజీ వచ్చింది.

"ఆ రోజు... ఆ మహానుభావునికి... నీళ్లు ఇచ్చినది... మాణెమ్మ." చదివాడు. వేలు ముందుకు జరిగింది. "నా బావికి... అప్పుడు... తాళం ఉండెను."

అప్పుడు ఎక్కింది చెవికి. వేలు ఆగింది. మైకు ఒక్కటే గుయ్‌మంది. మీసాల కొసలు రెండూ కిందికి దిగిపోవడం నేను కళ్లారా చూశాను. ఆయన తల ఎత్తి జనంలో నన్ను వెతుకుతున్నాడు. జనమంతా నాయనమ్మ వైపు తిరిగారు. కలెక్టర్, ఇదేదో గొప్ప నిజాయితీ అనుకుని, ముందుకు వంగి, "చాలా బాగుంది పటేల్ గారూ, కానివ్వండి" అన్నాడు. కలెక్టర్ కానివ్వమన్నాక పటేల్ కాగితం మడవగలడా? నాయనమ్మ కూడా కూర్చున్న చోటినుంచే, "సదువు పటేలా, మేం యాడికి పోతలేము" అంది. ఆడవాళ్ల వరుస అంతా కొంగులు నోట్లో కుక్కుకుంది.

చదివాడు. తాళం చదివాడు. రెండు మైళ్లు చదివాడు. ఎండలో దండ పట్టుకుని నిలబడింది చదివాడు. మధ్యలో ఉన్న కుర్రవాడు భయపడి ముసలామె తిట్లను మెత్తగా చేసి చెప్పాడని, నాయకుడు ఆమె ముఖం చూసి అది పట్టేసి, అమ్మ కోపం నీ మాటల్లో లేదు, ఉన్నదున్నట్టు మళ్లీ చెప్పమన్నాడని, ఆయనను తిట్టిన తిట్లు కూడా దాచకుండా చెప్పించుకుని విన్నాడని చదివాడు. తాళంచెవి చేతిలో పెట్టిన మాట దగ్గర గొంతు ఆరిపోతే కలెక్టరే నీళ్ల గ్లాసు అందించాడు. ఆ గ్లాసు తలుచుకుంటే ఇప్పటికీ నాకు రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయి.

ఇంటికొచ్చాక నాయనమ్మ చీర మార్చుకుని పొయ్యి ముందు కూర్చుంది. నా పళ్లెంలో రొట్టె మీద రొట్టె వేస్తూనే ఉంది. నాలుగో రొట్టె వేస్తూ, "నేను తిట్టిన తిట్లు ఆ సైకిల్ పోరడు మెత్తగ జేసిండని నాకే తెల్వది బిడ్డా. నీకెట్ల తెల్సింది?" అంది. నేను గర్వంగా నవ్వి ఊరుకున్నాను. ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఆ తర్వాత ఆమె ఉన్న రెండేళ్లూ వచ్చినవాళ్లందరికీ, "నా మనుమడు రాసిండు" అని నన్ను చూపించేది. ముసలామె కలగన్నదని అన్నవాడు మళ్లీ లేడు.

ఇప్పుడు ఆ చోట అల్లం చేను లేదు, బావిని పూడ్చి హోటల్ కట్టారు. రోడ్డు నాలుగు వరుసలైంది. నాయకులు పోతుంటే ముందు పదిహేను, వెనక పదిహేను కార్లు. ఒకటి వేడెక్కితే ఇంకోదాంట్లోకి మారతారు. కుండ పెట్టుకుని కూర్చున్న ముసలామె దగ్గర ఆగాల్సిన అవసరం ఎవరికీ రాదు. అరుగు మీద మా పటేల్ కూర్చున్నట్టు, తల వంచి వినే మనుషుల్లా కూర్చున్న ఫొటోలు మాత్రం ప్రతి కూడలిలో ఉన్నాయి. ఎండలో అంతసేపు కూర్చుని విని, మూడు జిల్లాల పొగరున్న మనిషి మొలతాడు నుంచి తాళంచెవి ఊడదీయించి కూడా, అది తన గొప్ప అని ఎక్కడా చెప్పుకోకుండా వెళ్లిపోయిన ఆ పెద్దమనిషి ముందు ఈ రాళ్లు, ఈ ఫొటోలు ఏపాటివి. పటేల్ మనవడా, నీ రాయిలో అబద్ధం ఉంది. నీ తాత తన నోటితోనే, మైకులో, కలెక్టర్ ముందు, నిజం చదివాడు. వినడానికి వచ్చినవాళ్లలో నూరుమంది ఇంకా బతికున్నారు. ఇది చదివి ఎంతగా మండితే అంత సంతోషం నాకు.

ఇక మిగిలింది, ఏది కల్పించానో చెప్పడం. మీసాలు, కాకి, లక్షమంది జనం, అవన్నీ మీరే సగానికి కోసుకుని ఉంటారు. పటేల్ చదివింది నిజం, కలెక్టర్ గ్లాసు నిజం, మా నాయనమ్మ రొట్టెలు నిజం. కల్పించింది ఒక్కటే. ఆ కాగితం నేను రాయలేదు.

పటేల్ కుర్చీ వేసి బేటా అన్నప్పుడే నా పగ బిస్కెట్‌లా చాయ్‌లో మెత్తబడిపోయింది. ఆయన అడిగినట్టే రాశాను, చక్కని గ్రాంథికంలో. మున్షీ సాబ్ దాన్ని రెండుసార్లు చదివి, మీ నాయినమ్మకు వినిపించినవా అని అడిగింది అందుకే. నేను తలదించుకున్నాను. ఆయన నా కాగితం నాకు ఇచ్చేసి, తనకు తెలిసింది ఉర్దూ అక్షరాల్లో తనే రాశాడు. ఆ రోజు సైకిల్ మీద పోతూ ఆగిన కుర్రవాడు ఆయనే. నాకు ఉర్దూ రాదు. మైదానంలో పటేల్ తాళం దగ్గర ఆగినప్పుడు జనంలో నోరు తెరుచుకుని నిలబడ్డవాళ్లలో నేనే మొదటివాణ్ని. మర్నాడు పటేల్ మా ఇద్దరినీ అరుగు ముందు నిలబెట్టి, ఎవరు రాసిన్రు అని అడిగితే, మున్షీ సాబ్, "నేనే సాబ్. అప్పుడొకసారి మెత్తగ చెప్పిన, మళ్ల చెప్పాల్సొచ్చింది. ఈసారి ఒక్కసారికే అయిపోవాలనుకున్న" అన్నాడు. నేను జేబులోంచి నా తెలుగు ప్రతి తీసి పటేల్ గుమాస్తా చేత చదివించి, నా తప్పేమీ లేదని రుజువు చేసుకున్నాను. ఆ వారంలోనే తాసిల్ ఆఫీసు ముందు నుంచి ఆయన డెస్కు లేపించారు. బీదర్‌లో కూతురి దగ్గరికి పోయాడని విన్నాను. నేను పోయి చూడలేదు.

అరుగు ముందు జరిగిన ఆ మాట బయటికి పొక్కలేదు. ఊరంతా నేనే రాశానని నమ్మింది. నాయనమ్మ నమ్మింది. ఇన్నేళ్లుగా ఎన్ని సభల్లో చెప్పుకున్నానో, ఎన్ని చప్పట్లు కొట్టించుకున్నానో. ఆ తెలుగు ప్రతి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. అందులో నీళ్లిచ్చింది పటేలే.